తొంభై పూర్తిచేసిన మొదటి పని

ఆయనకు తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఒకటుంది. జీతం వేసే బ్యాంకువారు తప్ప దాన్నిప్పుడు ఎవరూ వాడటం లేదు. ఆఫీసు గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ మొదలుకొని అద్దాల గదిలో కూర్చునే యజమాని దాకా అందరికీ ఆయన తొంభై.

బిరుదులు ఊరికే రావు. ఈ బిరుదును ఆయన ఏళ్ల తరబడి శ్రమించి సంపాదించుకున్నాడు. "ఆ పని ఎంతవరకు వచ్చిందండీ?" అని ఎవరు అడిగినా, ఏ పని గురించి అడిగినా, కళ్లజోడు పైకి తోసుకుని, "తొంభై శాతం అయిపోయిందండీ" అనేవాడు. అందులో అబద్ధం లేదు. ఆయన ఏ ప్రోగ్రాము పట్టుకున్నా తొంభై శాతం ఇట్టే అయిపోయేది. మిగిలిన పది శాతం దగ్గరికి వచ్చేసరికి కాలం స్తంభించేది. ఆలోపు ఎవరో ఒకరు వచ్చి, "అన్నా, చిన్న సాయం" అనేవారు. కాదనడం ఆయన వంశంలో లేదు. ఆ చిన్న సాయాన్ని తొంభై దాకా లాక్కొచ్చేసరికి ఇంకొకరు తయారు.

ఇంటి దగ్గరా ఇదే రాజ్యాంగం. ముందు గది గోడకు ఆయన చెయ్యి అందినంత మేర కొత్త రంగు, ఆ పైన పాత రంగు. స్టూలు వేసుకుని పైది పూర్తి చేద్దామంటే, ఆ స్టూలుకు నాలుగో కాలు బిగించే పని పెండింగులో ఉంది. భార్య బడిలో లెక్కలు చెబుతుంది. తొంభై అన్న అంకెకు ఆమె దగ్గర ఖచ్చితమైన అర్థం ఉండటం వల్ల, ఆ మాట ఇంట్లో ఉచ్చరించకూడదని పెళ్లయిన కొత్తలోనే ఒక నిషేధాజ్ఞ వెలువడింది.

ఇవన్నీ నవ్వుకోవడానికి పనికొచ్చే సంగతులు. నవ్వుకోవడానికి వీల్లేని సంగతి ఒకటుంది, దాన్ని ఆయన ఎవరితోనూ అనేవాడు కాదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన రాసింది ఒక్కటి కూడా వాడేవాళ్ల చేతికి చేరలేదు. మొదటి ఉద్యోగంలో ఒక బ్యాంకు కోసం రాశాడు. అది పూర్తయ్యేలోపు ఆ బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. తర్వాత అన్నదమ్ములు నడిపే పెద్ద దుకాణానికి రాశాడు. అన్నదమ్ములు విడిపోయారు. ఆ తర్వాత సరుకు రవాణా కంపెనీ ఒకటి వచ్చి, "ముందు మాకు కావలసినవన్నీ వివరంగా రాసుకుందాం" అంది. అన్నీ రాసుకునేసరికి వాళ్లు రవాణా మానేసి గోదాములు కట్టడం మొదలుపెట్టారు.

కుళాయిల దుకాణం నడిపే బావమరిది ఏదైనా శుభకార్యంలో కనిపిస్తే చాలు, పదిమందిలో అడిగేవాడు. "నేను అమ్మిన కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి బావా. నువ్వు చేసింది ఏది తిప్పితే ఏమొస్తుంది?"

అందరూ నవ్వేవారు. తొంభై కూడా నవ్వేవాడు. అందరి నవ్వూ ఆగాక కూడా కాసేపు నవ్వుతూనే ఉండేవాడు.

టైర్ల దుకాణం పైనున్న అంతస్తులో ఉండేది వాళ్ల కంపెనీ. కింద గాలి కొట్టే యంత్రం బుస్సుమన్నప్పుడల్లా పైన ఫోన్‌లో మాట్లాడేవాళ్లు మాట ఆపి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. గదంతా రబ్బరు వాసన. అక్కడికి ఒక కళ్ల ఆసుపత్రి వారి పని వచ్చింది. చిన్న ఆసుపత్రి. తెల్లవారకముందే వచ్చి వరండాలో వరసకట్టే రోగులు, వాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. ఎవరు ఎప్పుడు రావాలో ముందే చెప్పగలిగితే ఈ నిలబడే బాధ తప్పుతుందని హెడ్ సిస్టర్ ఆశ.

ఆమె అడిగింది అంతే. కంపెనీ వారు ఉదారస్వభావులు గనక దానికి మందుల స్టాకు, రంగురంగుల నివేదికలు, డాక్టర్లకు వేరే లాగిన్, గుమాస్తాలకు వేరే లాగిన్, క్యాంటీను కూపన్లు వగైరా జతచేసి ఒక మహాప్రణాళిక గీశారు. దాన్ని తొంభై చేతిలో పెట్టారు. ఏడాది తిరిగేసరికి ఫలితం పాఠకులు ఊహించగలరు.

ఒకనాడు హెడ్ సిస్టర్ స్వయంగా మెట్లెక్కి వచ్చింది.

"ఎప్పుడు ఫోన్ చేసినా తొంభై శాతం అయిందంటున్నారు కదయ్యా. పోనీ ఆ తొంభై నాకిచ్చెయ్యండి. మిగిలిన పదీ మీరే ఉంచుకోండి" అంది.

"అలా ఇవ్వడానికి కుదరదమ్మా. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి."

"ఏమీ ఇవ్వలేనప్పుడు అది తొంభై ఎలా అయింది? సున్నా కదూ!"

కింద గాలి యంత్రం కూడా ఆ క్షణాన ఊరుకుంది. ఆమె కూర్చోలేదు, ఇచ్చిన కాఫీ ముట్టలేదు. "వానలు మొదలయ్యేలోపు ఇస్తే ఇవ్వండి. లేకపోతే మాకొద్దు. వానలో ముసలాళ్లని వరండాలో నిలబెట్టి నేను చూడలేను" అని చెప్పి దిగి వెళ్లిపోయింది.

యజమాని తొంభైని అద్దాల గదిలోకి పిలిచాడు. ఆయన మంచివాడు, గట్టిగా మాట్లాడటం చేతకాదు. బల్లమీది పేపర్‌వెయిట్‌తో మాట్లాడుతున్నట్టు, "చూడండీ, ఇది కూడా పోతే మిమ్మల్ని ఏ పనిలో ఉంచాలో నాకు తెలియడం లేదు" అన్నాడు.

తొంభై తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. దానికంటే లోతుగా ఇంకో భయం కదిలింది. ఇది కూడా పోతే, ఇక తన చేతి పని ఒక మనిషికి ఉపయోగపడటం ఈ జన్మలో చూడనేమోనని.

సరిగ్గా ఆ వారమే, అందరి పనులూ నడిపించడానికి కొత్త టీమ్ లీడు వచ్చింది. పొట్టి మనిషి, భుజాన గుడ్డసంచి, అందులో మూత సరిగా పట్టని నీళ్లసీసా. కార్ల ఫ్యాక్టరీలో కొన్నాళ్లు పనిచేసి సాఫ్ట్‌వేర్ వైపు వచ్చిందట. మొదటి రోజే అందరినీ నిలబెట్టి, ఇకమీదట మనం లీన్ పద్ధతిలో పని చేద్దామని ప్రకటించింది.

గదిలో కలకలం రేగింది. డేటాబేసు చూసుకునే పెద్దమనిషిని అందరూ బాబాయ్ అంటారు. "లీన్ అంటే సన్నం. ఆఫీసు సన్నబడాలంటే ముందు ఎవరో ఒకరు బయటికి పోవాలి. వయసు ప్రకారం చూస్తే ఆ ఒక్కడూ నేనే" అని ఆయన అక్కడికక్కడే వీలునామా స్వరంలో పలికాడు.

"తీసేసేది మనుషుల్ని కాదు బాబాయ్, వృథాని" అంది లీడు. "ఎవరికీ అక్కర్లేనిది చెయ్యడం వృథా. చేసింది ఇవ్వకుండా అట్టిపెట్టుకోవడం వృథా. ఒకరి కోసం ఒకరు కాచుక్కూర్చోవడం వృథా. అన్నిటికంటే పెద్ద వృథా, సగంలో ఆగిన పని."

ఏ ఆజ్ఞా లేకుండానే అందరి తలలూ తొంభై వైపు తిరిగాయి. ఆయన ఫ్యాను వైపు చూశాడు, నేరం దానిదే అయినట్టు.

గోడకు తెల్లబోర్డు వెలిసింది. పనికో పసుపు చీటీ. మనిషికి ఒకే చీటీ. అది వాడేవాళ్ల చేతికి చేరేదాకా రెండోది ముట్టుకోకూడదు. చట్టం మొత్తం ఇంతే. దానికి మినహాయింపులున్నాయా అని యజమాని అడిగితే, లేవని ఆవిడ యజమానికే చెప్పింది.

తొంభైకి దిక్కు తోచలేదు. ఆయన చేతిలో అప్పటికి ఎన్ని పనులున్నాయో ఆయనకే తెలియదు. అన్నీ పైకి చెబితే పరువు పోతుంది, వదిలేస్తే మాటిచ్చినవాళ్లు బాధపడతారు. బాగా ఆలోచించి, చదువుకున్నవాడికి మాత్రమే తోచే ఉపాయం ఒకటి పన్నాడు. ఆసుపత్రి చీటీని బోర్డుకు అంటించి, మిగిలిన చీటీలన్నీ దాని వెనక ఒకదాని కింద ఒకటి అంటించాడు. ముందు నుంచి చూస్తే ఒకటే చీటీ. పక్క నుంచి చూస్తే మాత్రం చిన్నసైజు దిండు.

ధర్మం కొన్నాళ్లు అలా ఒంటికాలి మీద నిలబడింది. ఒక ఉదయం, బోర్డు ముందు అందరూ నిలబడి ఎవరి పని వారు చెప్పుకుంటుండగా, ఆ దిండు బరువాగక ఊడి, లీడు చెప్పుల మీద పడి, గదంతా పసుపుగా చెల్లాచెదురైంది.

ముందు నవ్వింది టెస్టింగ్ చూసే అమ్మాయి. ఎవరు ఏ శుభవార్త తెచ్చినా దాన్ని ఆపేది ఆమే కాబట్టి ఆమెకు అడ్డుపుల్ల అని పేరు. ఆ పేరంటే ఆమెకు గర్వం. "అన్నయ్యా, ఇది చీటీయా, పంచాంగమా?"

లీడు మాత్రం కోప్పడలేదు. కిందికి వంగి చీటీలు ఏరింది. "ఇన్నాళ్లూ ఇవన్నీ ఒక్కరే మోస్తున్నారా?" అంది.

ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఎప్పుడవుతుంది అనడిగేవారే గానీ, ఎన్ని మోస్తున్నావు అని ఎవరడిగారు?

"రండి, ఎవరివో అడిగి చూద్దాం" అని ఆమె చీటీలు బల్లమీద పరిచింది. మొదటిదే యజమానిది, మూడు రంగుల నివేదిక.

"నేనడిగానా?" అన్నాడు యజమాని.

"కిందటేడు ఫోన్‌లో నవ్వుతూ అన్నారు సార్."

"నవ్వుతూ అన్నానుగా మరి!"

ఇంకో చీటీ బాబాయ్‌ది. అడిగిన సంగతి ఆయన ఎప్పుడో మరచిపోయి, తానే వేరే దారిలో చేసేసుకున్నాడు. మరొకటి ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన కుర్రవాడిది. క్యాంటీను కూపన్లు కావాలన్నదెవరో విచారణలో తేలలేదు. ఆ ఆసుపత్రికి క్యాంటీనే లేదని మాత్రం తేలింది. మొత్తం మీద నిజంగా ఎవరికైనా అవసరమైనవి ఒక చేతిలో పట్టేవే మిగిలాయి. వాటిని తలా ఒకరు, "నా చీటీ అయ్యాక ఇది నేను చూసుకుంటాలే అన్నా" అని తీసుకుపోయారు. మిగతావాటికి చెత్తబుట్టలో సగౌరవంగా అంత్యక్రియలు జరిగాయి.

తొంభై చేతిలో ఒక్క చీటీ మిగిలింది. ఆయన మెట్ల మీదికి వెళ్లి కళ్లజోడు తుడుచుకున్నాడు. కళ్లజోడు అప్పటికే శుభ్రంగా ఉందని అడ్డుపుల్ల తర్వాత సాక్ష్యమిచ్చింది.

సాయంత్రం భార్యకు చెబితే ఆమె చాక్‌పీసు అంటిన చేతులు కడుక్కుంటూ అంతా విని, "మీ లీడుగారి నంబరు ఇవ్వండి" అంది.

"ఎందుకోయ్?"

"ఒకసారి దండం పెట్టుకుందామని. ఇన్నేళ్లుగా నేను నోరు నొప్పెట్టేలా చెబుతున్నది ఆవిడ ఒక బోర్డు కొని చెప్పింది."

లీడు తొంభైని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. ఏం కావాలో ఆఫీసులో కూర్చుని ఊహించడం ఆవిడ లెక్కలో వృథాకు మేనమామ. హెడ్ సిస్టర్ మందుల వాసన వేసే చిన్నగదిలో వాళ్లను కూర్చోబెట్టి, ఏడాదిగా దాచుకున్న కోరికలన్నీ ఏకరువు పెట్టింది. వింటుంటే తొంభై తల దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. "అలాగేనమ్మా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. లీడు బల్లకింద ఆయన కాలు తొక్కింది.

"సిస్టర్, వానల్లోపు వీటిలో ఒక్కటే ఇవ్వగలం అనుకోండి. ఏది ఇస్తే మీకు బరువు తగ్గుతుంది?"

సిస్టర్ చాలాసేపు కిటికీలోంచి వరండా వైపు చూసింది. "పొద్దుటి డాక్టరుగారి దగ్గరే రద్దీ అంతా. ఆయన ఒక్కరికీ చాలు. మీరు ఫలానా టైముకి రండి అని ఫోన్‌కి ఒక మెసేజ్ పోతే చాలు" అంది. వాళ్లు గుమ్మం దాటుతుంటే వెనక నుంచి కేకేసింది. "ఇంకోటి కూడా..."

"అది తర్వాతి చీటీ సిస్టర్!" అంది లీడు వెనక్కి తిరక్కుండా.

ఆ మర్నాటి నుంచి తొంభై జీవితంలో ఎన్నడూ లేని ఒక వింత మొదలైంది. పొద్దున వచ్చి నిన్నటి పనే చేసేవాడు. మధ్యలో ఎవరైనా, "అన్నా, చిన్న సాయం" అంటూ వస్తే ఆయన నోరు తెరిచేలోపు బాబాయ్ అడ్డుపడి, "ఆయన చేతిలో చీటీ ఉంది, కనబడటం లేదూ? నాకు చెప్పు" అనేవాడు. సన్నబడటంలో తన వంతు రాలేదని ధైర్యం చిక్కాక ఆ ముసలాయన ఆఫీసుకు ద్వారపాలకుడైపోయాడు.

అడ్డుపుల్ల తన కుర్చీ లాక్కొచ్చి ఆయన పక్కనే వేసుకుంది. ఇదివరకు అన్నీ రాసి ముగించాక ఆమెకు పంపేవారు. ఆమె తప్పులు పట్టి వెనక్కి పంపేది. ఆ రాకపోకల్లోనే నెలలు గడిచేవి.

"ఇంకా రాయనేలేదు, ఏం పరీక్షిస్తావమ్మా?"

"మీరేం రాస్తారో, ఎక్కడ తప్పుతారో నాకు తెలుసన్నయ్యా. అందుకే ముందొచ్చి కూర్చున్నా. మీరు కానివ్వండి."

మొదట్లో ఆయన చెమటలు కక్కాడు. రెండో వారానికి, ఆమె సెలవు పెట్టిన రోజున తనకేమీ తోచడం లేదని గ్రహించి ఆశ్చర్యపోయాడు.

లీడు చేసిన ఇంకో పని, బల్ల చివర సైకిలు బెల్లు ఒకటి బిగించడం. ఎవరి పనిలోనైనా సరే తప్పు కనిపిస్తే, కనిపించినవాళ్లు బెల్లు కొట్టాలి. కొట్టగానే అందరూ చేతిలో పని ఆపి అక్కడికి రావాలి. తప్పును ముందుకు పోనివ్వకూడదు. వినడానికి బాగానే ఉంది. అందరి ముందూ మోగించుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ బెల్లు మోగనే లేదు. బాబాయ్ మాత్రం రోజూ దాని మీది దుమ్ము తుడిచేవాడు.

అంతా సిద్ధమైంది. మర్నాడు పొద్దున్నే మొదలు. ఆసుపత్రి గోడ మీద సిస్టర్ పెద్ద అక్షరాలతో కాగితం అంటించేసింది. ఆకాశం కూడా నాలుగు రోజులుగా నల్లగా ముఖం పెట్టి ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక తొంభై కుర్చీలో వెనక్కి వాలి, చాలా ఏళ్ల తర్వాత కళ్లు మూసుకుని హాయిగా ఊపిరి తీశాడు. అప్పుడు ఫోన్ మోగింది. తెరమీద పెదనాన్న పేరు. ఎత్తితే పెద్దమ్మ.

"ఒరేయ్, పెదనాన్న ఫోన్‌లోంచే చేస్తున్నానురా. బాగున్నావా?"

"బాగున్నా పెద్దమ్మా. నీకో ఫోన్ కొనుక్కోవచ్చు కదా?"

"నాకెందుకురా, ఇంట్లో ఒకటి ఏడ్చిందిగా. ఇద్దరికీ చాలదూ? ఇంతకీ ఎందుకు చేశానంటే... చూడూ, ఎందుకు చేశానో మర్చిపోయా. గుర్తొస్తే చేస్తాలే."

ఫోన్ పెట్టేసిన తొంభై నవ్వుతూ ఉండగానే ఆ నవ్వు ముఖం మీద గడ్డకట్టింది. ఇద్దరికీ ఒకటే ఫోన్! మెల్లగా ముందుకు వంగి, పెదనాన్న పేరుతో ఒక రోగిని నమోదు చేశాడు. అదే నంబరుతో పెద్దమ్మను నమోదు చేశాడు. "విజయవంతంగా నమోదైంది" అంది కంప్యూటరు ఎంతో మర్యాదగా. వెనక్కి వెళ్లి చూస్తే పెదనాన్న లేడు. వాళ్ల ప్రోగ్రాము లెక్కలో ఒక ఫోన్ నంబరంటే ఒక మనిషి. రెండో మనిషి రాగానే మొదటివాణ్ణి చప్పుడు లేకుండా తుడిచేస్తుంది. కళ్ల ఆసుపత్రికి వచ్చే ముసలి దంపతుల్లో రెండు ఫోన్లున్నవాళ్లెందరు?

ఆయన చుట్టూ చూశాడు. అడ్డుపుల్ల టీ తెచ్చుకోవడానికి వెళ్లింది. ఎవరికీ తెలియదు. రేపు మొదలుపెట్టేసి, రెండు రోజుల్లో నెమ్మదిగా సరిచేసుకోవచ్చు. చాలామందికి సరిగ్గానే వెళ్తుంది. నూటికి తొంభై మందికి ఢోకా లేదు. ఆ అంకె తట్టగానే ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది. ఇప్పుడు చెబితే? రేపు ఆగిపోతుంది. సిస్టర్ ఇక ఒప్పుకోదు. ఇదీ బ్యాంకులాగే, దుకాణంలాగే పోతుంది. చెప్పకపోతే? వరండాలో ఒక ముసలాయన నా పేరేదని అడుగుతూ నిలబడతాడు. ఆ ముసలాయన ముఖం అచ్చం పెదనాన్న ముఖంలా కనిపించింది.

లేచి వెళ్లి బెల్లు కొట్టాడు.

ఒక్కసారే కొట్టాడు గానీ దుమ్ములేని బెల్లు కావడంతో గదంతా ఖంగుమంది. యజమాని అద్దాల గదిలోంచి, ఆఫీసులోకి సైకిలెలా వచ్చిందోనని తొంగిచూశాడు. అందరూ చేతిలోవి వదిలేసి వచ్చారు. తొంభై, తెర చూపించి, తడబడుతూ, ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పి, తిట్ల కోసం తలవంచుకున్నాడు.

"థాంక్సండీ" అంది లీడు.

తనకు సరిగా వినబడలేదనుకున్నాడు.

"ఇది రేపు అక్కడ బయటపడి ఉంటే ఏమయ్యేదో! ఇవాళ ఇక్కడ పట్టారు. థాంక్స్. ఇప్పుడేం చేద్దాం?"

తప్పెవరిదని ఎవరూ అడగలేదు. అడగకపోయినా బాబాయ్ చెయ్యెత్తాడు. "నంబరే మనిషి అనుకుందాం, తేలికగా పోతుంది అన్నది నేనేనయ్యా." టీ గ్లాసుతో తిరిగొచ్చిన అడ్డుపుల్ల, "పరీక్ష కోసం నేను ఊళ్లో ప్రతివాళ్లకూ తలో ఫోన్ పంచేశా. అంత దానకర్ణుణ్ణి నేనే" అంది. ముగ్గురి చేతిలోంచి జారిన తప్పు కాబట్టి ఎవరి నెత్తిమీదా బండలా కూర్చోలేదు.

మిగిలింది సిస్టర్‌కు చెప్పడం. లీడు నంబరు కలిపి ఫోన్ తొంభై చేతికిచ్చింది. ఆయన "సిస్టర్, రేపు ఇవ్వలేం. తప్పు ఒకటి దొరికింది" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. అవతలి నుంచి వచ్చినవన్నీ ఇక్కడ రాయడం సభ్యత కాదు. గోడకు అంటించిన కాగితం, రోగులకిచ్చిన మాట, ఏడాది పాటు విన్న కబుర్లు, అన్నీ వచ్చాయి. ఆయన "అవునమ్మా, నిజమేనమ్మా" అంటూ నిలబడ్డాడు. చివరికి ఆవిడ ఆయాసంతో ఆగింది.

"ఎంతవరకు వచ్చింది మరి?" అంది.

తొంభై చెయ్యి అలవాటుగా కళ్లజోడు దాకా వెళ్లి, దాన్ని తోయకుండానే దిగింది.

"కాలేదు సిస్టర్" అన్నాడు. "ఎల్లుండి అవుతుంది. అయ్యాకే అయిందని చెబుతాను."

"మీ నోట ఈ మాట వినడం ఇదే మొదటిసారి" అంది సిస్టర్. గొంతు కొంచెం తగ్గింది. "కాగితం మీద తేదీ దిద్దుతాను. ఒక్కసారే దిద్దుతాను, గుర్తుంచుకోండి."

ఆ సాయంత్రమూ మర్నాడూ ఒక్క చీటీ చుట్టూ ఆఫీసంతా కూర్చుంది. బాబాయ్ మనిషిని నంబరు నుంచి విడదీశాడు. తొంభై దానికి తగ్గట్టు తన ప్రోగ్రాము మార్చాడు. అడ్డుపుల్ల ఒకే ఫోన్‌తో ఏకంగా ఒక ఉమ్మడి కుటుంబాన్నే సృష్టించి, అత్తాకోడళ్లతో సహా అందరినీ డాక్టరు దగ్గరికి పంపి, ఎవరూ తప్పిపోలేదని తేల్చింది. ఎవరి వంతు ముగిసినా, ముగిసిందని లేచిపోలేదు. తొంభై వాళ్ల వంగిన తలల వైపు చూస్తూ, ఇన్నేళ్లూ ఒంటరిగా ఆ పది శాతం గోడకు తల బాదుకున్నది తన ఒక్కడి బలంతో పడగొట్టాలనే కదా అనుకున్నాడు.

అనుకున్న పొద్దున వాన కూడా సమయపాలన పాటించింది. ఏం జరుగుతోందో అక్కడే ఉండి చూడమని లీడు ఆయన్ని ఆసుపత్రికి పంపింది. ఆయన గొడుగు ముడిచి వరండాలో అడుగుపెట్టి ఆగిపోయాడు. వరండా ఖాళీగా ఉంది. జల్లు పడి గచ్చు తడుస్తోంది, అక్కడ తడవడానికి మనుషులు లేరు. లోపల బల్లల మీద కొద్దిమంది పొడిబట్టలతో కూర్చుని ఉన్నారు. ఒకరు వెళ్తుంటే ఒకరు వస్తున్నారు. సిస్టర్ ఆయన్ని చూసి తలూపింది, చేతిలో పనాపకుండానే. అంతకంటే పెద్ద సన్మానం ఆయనకు ఎప్పుడూ జరగలేదు.

ఆయన ఒక బల్ల చివర కూర్చున్నాడు. పక్కనే ఒక ముసలి జంట, ఇద్దరి మధ్యా ఒక సంచి, ఇద్దరికీ ఒక ఫోన్.

"ముందు నిన్ను పిలుస్తారట, తర్వాత నన్ను" అన్నాడు ముసలాయన, ఫోన్ ముక్కుకు ఆనించుకుని. "ఫోన్ నాది, డబ్బు కట్టేది నేను, ముందు నువ్వా?"

"నా కళ్లు మీ కళ్లకంటే పాడయ్యాయని దానికి కూడా తెలిసిపోయింది" అంది ముసలావిడ. "ఏళ్ల తరబడి మీ ముఖమే చూస్తున్నా కదా!"

ముసలాయన తొంభై వైపు తిరిగాడు. "చూశావా బాబూ, ఎలా మాట్లాడుతుందో? ఇదివరకు లైన్లో నిలబడితే కాళ్లు లాగి నోరు పడిపోయేది దీనికి. ఇప్పుడు ఓపిక మిగిలిపోతోంది."

ముందు ఆవిడను పిలిచారు. ఆవిడ లోపలుండగానే ఆయన టైమూ వచ్చింది. "ఈ సంచి కాస్త చూస్తుంటావా?" అని తొంభై ఒళ్లో పెట్టేసి ముసలాయన లోపలికి వెళ్లాడు.

ఆఫీసు నుంచి ఫోన్. వెనక అందరూ మూగి వింటున్నట్టు గుసగుసలు. "ఎలా ఉందండీ అక్కడ?" అంది లీడు.

ఆయనకు చాలా చెప్పాలనిపించింది. వరండా గురించి, పొడిబట్టల గురించి, చీటీలు ఏరుతూ ఆవిడ అడిగిన ఆ ఒక్క ప్రశ్న గురించి, పక్కన కుర్చీ వేసుక్కూర్చున్న అమ్మాయి గురించి, ద్వారపాలకుడి గురించి.

"అయిందండీ" అన్నాడు. అవతల బాబాయ్ ఎవరినో వీపు మీద చరిచిన చప్పుడు వినిపించింది.

జంట బయటికి వచ్చింది. కళ్లలో మందు వేయడంతో ఇద్దరికీ అంతా మసక. గోడ పట్టుకుని ఒకరు, వారిని పట్టుకుని ఒకరు. అంతలో ముసలాయన జేబులో ఫోన్ రెండుసార్లు మోగింది.

"మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో చూడు బాబూ, మాకు అక్షరాలు ఆనడం లేదు."

తొంభై ఫోన్ అందుకున్నాడు. తాను రాసిన వాక్యాలే. ఒకదాని కింద ఒకటి, రెండు. ఆవిడ పేరుతో ఒకటి, ఆయన పేరుతో ఒకటి. మామూలుగా చదువుదామనుకున్నాడు గానీ, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా ఒక్కో మాటా కూడబలుక్కోవలసి వచ్చింది. చదివి, సంచి ఆయన భుజానికి తగిలించి, గొడుగు విప్పి ఇద్దరినీ ఆటో దాకా తీసుకెళ్లాడు. తాను తడిశాడు.

"చాలా థాంక్సండీ" అన్నాడు వాళ్లు ఎక్కి కూర్చున్నాక.

ముసలాయన మసకకళ్లతో ఆయన ఎక్కడున్నాడో వెతుక్కున్నాడు. "సంచి మోసింది నువ్వు, గొడుగు పట్టింది నువ్వు, థాంక్స్ కూడా నువ్వే చెబుతావేంటయ్యా?"

"చెప్పనివ్వండి పాపం" అంది లోపలి నుంచి ముసలావిడ. "ఏదో సంతోషంగా ఉన్నట్టున్నాడు."